అర్జంటు కోటయ్య నన్ను తాకట్టు పెట్టిన ప్రయాణం

నరసరావుపేటలో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: అర్జంటు కోటయ్య లారీ గాలిని దాటిపోతుందని. కాఫీ హోటల్లో చెబుతారు, కోర్టు మెట్ల మీద చెబుతారు, మా స్కూల్లో అటెండరు కూడా చెబుతాడు. అంతా అబద్ధం. ఆ లారీలో నేను కూర్చున్నాను. ముప్పాళ్ళ దాటాక మమ్మల్ని ఒక సైకిలు దాటిపోయింది. ఆ సైకిలు మనిషి వెనక ఒక మేకపిల్లను కూడా కట్టుకుని ఉన్నాడు. మేకపిల్ల మావైపు జాలిగా చూసింది.

అయినా అర్జంటు సరుకును చెప్పిన వేళకు చేర్చడంలో ఈ తాలూకాల్లో కోటయ్యను మించినవాడు లేడన్నది మాత్రం నిజం. వేగం లేనివాడు వేళకెలా చేరుతున్నాడో చెప్పకుండా, లారీ ఎగురుతుందని చెప్పుకోవడం సోమరి జనం పని. ఆ సంగతి నేను కళ్ళారా చూసి వచ్చాను గనుక రాస్తున్నాను.

నరసరావుపేట

నేను పుట్టింది తెనాలి వైపు కాలవల కింద. ఈ ఊళ్ళో ఆడపిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ పాతికేళ్ళుగా పల్నాటి ఎండను తిట్టుకుంటున్నదాన్ని. మా పిన్ని కూతురు సుందరమ్మను రెంటచింతల అవతల ఒక పల్లెలో ఇచ్చారు. భర్త పోయాక మరుదులు పొలం పంచుకుందామని వస్తే, "నాగలి పట్టే చేతులు నాకూ ఉన్నాయి" అని పంపేసి, రెండు జతల ఎడ్లతో తానే సేద్యం చేయించుకుంటోంది. ఆ ఎడ్లే దాని ఆస్తి, ఆ ఎడ్లే దాని ధైర్యం.

మొన్న ఎండాకాలం, తొలకరి ఇంకా పడకముందు, దాని పక్క పల్లెలో పశువులకు పెద్దరోగం దిగింది. జ్వరం, నోరంతా పుండ్లు, పారుడు, వారం తిరిగేసరికి కొట్టం ఖాళీ. రోగం తగలని పశువులకు ముందే టీకా వేస్తే నిలబడతాయి. మందు మద్రాసు నుంచి నరసరావుపేట పశువుల ఆసుపత్రికి వచ్చింది. వేసే డాక్టరు రెంటచింతలలో కూర్చున్నాడు. మధ్యలో ఉన్నది ఎండ. ఆ మందు ఐసులోనే ఉండాలి.

"ఐసు కరిగిపోయిందంటే మందు పొడిచినా ఒకటే, మంచినీళ్ళు పొడిచినా ఒకటే" అన్నాడు ఇక్కడి డాక్టరు.

రైల్లో పంపాలంటే వెనక్కి గుంటూరు పోయి, అక్కడ మాచర్ల బండి కోసం కాచుకోవాలి. అప్పటికి ఐసు ఆవిరి కూడా మిగలదు. అందుకని కోటయ్య.

కోటయ్యకు అరవైకి దగ్గర. పొట్ట స్టీరింగుకు ఆనుతుంది. మీసం పొట్టకు పోటీ. యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టాక ఆయన లారీకి బొగ్గు గ్యాసు అమర్చుకున్నాడు. డ్రైవరు గది వెనక నిలువెత్తు ఇనప పీపా, అందులో బొగ్గు రాజుతూ ఉంటుంది, ఆ పొగతోనే బండి నడుస్తుంది. ఆ పొయ్యిని కనిపెట్టుకుని ఉండే పని ఆయన బావమరిది సాంబయ్యది. సాంబయ్య కూడా యాభై దాటినవాడే. బొగ్గు రాజెయ్యడానికి చేత్తో గాలిమర తిప్పీ తిప్పీ కుడి చెయ్యి ఎడమ చేతికన్నా లావెక్కింది. లోకం మీద కోపం ఆ చేతికన్నా లావు.

గుంటూరు నుంచి పొద్దుటి బండిలో రంపప్పొట్టులో కప్పిన ఐసు వచ్చింది. కర్రపెట్టెలో తగరపు డబ్బా, దాని చుట్టూ ఐసు, దాని మీద పొట్టు, ఆపైన తడి గోనె. పెట్టెను లారీలోకి ఎక్కిస్తుంటే నేను కూడా ఎక్కి కూర్చున్నాను.

"అదేందమ్మా పంతులమ్మగారూ, లారీలో ఆడోళ్ళేంది?" అన్నాడు కోటయ్య.

"మందు మీద నాకు నమ్మకముంది కోటయ్యా, నీ మీద లేదు."

"మంచిదే. దారిలో బొగ్గు చాలకపోతే మీ నోరు చాలు, దానంతటదే రాజుకుంటది."

వెనక నుంచి సాంబయ్య, నవ్వు కాదు, దగ్గు అని చెప్పుకోదగ్గ చప్పుడొకటి చేశాడు.

ముప్పాళ్ళ దాటాక

మేకపిల్ల సంగతి చెప్పాను. దాని తరవాత నేను వాచీ చూసుకోవడం మానేసి కోటయ్యను చూడటం మొదలుపెట్టాను. మనిషి నోరు ఆగదు. ముప్పై ఏళ్ళ కథ ఒక్క చేత్తో స్టీరింగు పట్టి, రెండో చేత్తో చెబుతాడు.

మొదట తండ్రితో ఎడ్లబండి తోలాడట, మిరపకాయల బస్తాలు గుంటూరుకు. తరవాత ఒక సాయిబు లారీకి క్లీనరు. ఆ సాయిబు పోయాక అదే లారీని అతని కొడుకుల దగ్గర కొన్నాడు. "కొన్నది ఒక లారీ, ఇప్పుడున్నది ఆ లారీలో హారన్ ఒక్కటే. మిగతాదంతా మార్చినయ్యే" అని గర్వంగా చెప్పాడు. తొందర లేని సరుకు ఎత్తనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. "బస్తాలు మొయ్యటానికి ఎడ్లున్నయ్యమ్మా. తొందర మొయ్యటానికి నేనున్నా."

ఆయన మోసిన తొందరలు వినాలి! నాటకం మొదలయ్యే వేళకు దుర్యోధనుడి కిరీటం. కాన్పు కష్టమైన ఇంటికి మంత్రసాని. గురజాల కోర్టులో వాయిదాకు సాక్షి. ఆ సాక్షిని ఎదుటి పక్షంవాళ్ళ కంట పడకుండా మిరపకాయల బస్తాల మధ్య కూర్చోబెట్టి తీసుకుపోయాడట. "కోర్టులో జడ్జీగారు ఏదడిగినా తుమ్మే. మనోళ్ళు గెలిచారు. తుమ్మేవాడు అబద్ధం చెప్పలేడనుకున్నట్టున్నారు."

"అందులో సగమే నిజం" అన్నాను.

"సగమే మీకు చెప్పింది" అన్నాడు.

ఆ మాటల మధ్య ఒక వింత గమనించాను. ఎదురుగా కట్టెల బండ్లు బారుగా వస్తున్నాయి. బస్సు వస్తే పల్నాటి బండివాడు తలకాయ కూడా తిప్పడు. కోటయ్య రబ్బరు హారన్‌ను మూడుసార్లు నొక్కాడు. బండ్లన్నీ దారి దిగి చేలోకి జరిగాయి. తోలేవాళ్ళు చెయ్యెత్తి, "వచ్చేటప్పుడేనా?" అని కేకేశారు. "వచ్చేటప్పుడే!" అని ఈయన కేకేశాడు.

ప్రతి ఊళ్ళోనూ ఇదే. మూడు హారన్లు, గొర్రెలు పక్కకు, పిల్లలు అరుగుల మీదికి, ఒక ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి "వచ్చేటప్పుడా?" ఈయన "వచ్చేటప్పుడే!"

"ఏమిటిది?" అని అడిగాను.

"అన్నం" అన్నాడు కోటయ్య.

పల్నాడులో గడప ముందు ఆగిన మనిషికి అన్నం పెట్టకుండా పంపడం తప్పు. పెట్టింది తినకుండా పోవడం అంతకన్నా తప్పు. ఇక అర్జంటు సరుకు మోసేవాడు ఊరూరా తింటూ పోతే ఎప్పటికి చేరాలి? అందుకని కోటయ్య ఏళ్ళ కిందటే ఒక కట్టడి చేసుకున్నాడు. పోయేటప్పుడు ఎవరింట్లోనూ ఆగడు. మూడు హారన్లంటే, "అర్జంటు సరుకుంది, తిరుగు దారిలో మీ ఇంట్లో తింటాను" అని మాట ఇచ్చినట్టు. ఇచ్చిన మాట తప్పడు. తిరుగు దారిలో ఎన్ని ఇళ్ళు పిలిస్తే అన్ని ఇళ్ళల్లోనూ తింటాడు. పల్లెలో ఏ వైపు ఇల్లని కూడా చూడడు. దానికి పేటలో ఆయన కులపువాళ్ళు ముఖం చిట్లిస్తారు. "వాళ్ళెవరూ వాగులో దిగబడితే ఎడ్లు కట్టరు గదమ్మా" అంటాడు.

ఇదీ అసలు సంగతి. లారీకి వేగం లేదు, దారికుంది. ఆ దారిని ఆయన తన పొట్టతో కొనుక్కున్నాడు.

పిడుగురాళ్ళ

ఊరంతా సున్నపు బట్టీల పొగ, మా బొగ్గు పొగ దానికి తోడు. నా గొడుగు మీద ఒక నిప్పురవ్వ పడి రూపాయంత బొక్క చేసింది. సాంబయ్య ఆ బొక్కలోంచి ఆకాశం చూసి, "గాలి ఆడతది లెండి" అని ఓదార్చాడు.

ఊరి చివర ఒక పెంకుటింటి ముందు, పట్టు అంచు పంచె కట్టిన పెద్దమనిషి వెండి గ్లాసుతో దారిలోకే వచ్చి నిలబడ్డాడు. కోటయ్య ముఖం గట్టిపడింది. హారన్ మూడుసార్లు కాదు, ఆపకుండా నొక్కాడు. పెద్దమనిషి ఎగిరి అరుగెక్కాడు. గ్లాసులో మజ్జిగ పంచె మీద పడింది.

"ఎవరాయన?"

"మా వియ్యంకుడు."

"వియ్యంకుడి మీదికి లారీ తోలతావా?"

కోటయ్య వెనక్కి తిరిగి, బొగ్గు వెయ్యమని సాంబయ్యను కేకేశాడు. దాచేపల్లి దాకా ఆ కేకలే, కథలు లేవు. నేను పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. గోనె చల్లగానే ఉంది, కానీ పెట్టె అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి. పొద్దుటికన్నా ఎక్కువగా కారుతున్నాయి.

పేరు రాయని పల్లె

గురజాల ఇంకా రాలేదు. ఈ పల్లె పేరు రాస్తే ఇక్కడి మరియమ్మ అనే ఒకామె నన్ను బతకనివ్వదు, కాబట్టి రాయను.

మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా ఒక నులకమంచం. మంచం మీద ఒక ముసలామె, నెత్తి మీద కొంగు, చెయ్యి తలకింద పెట్టుకుని, తన ఇంట్లో పడుకున్నంత హాయిగా పడుకుని ఉంది. కోటయ్య బండి ఆపాడు. హారన్ కొట్టలేదు. కిందికి దిగలేదు. స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు.

నేను దిగాను. "ఏమమ్మా, దారిలో పడుకున్నావు? ఇది అర్జంటు సరుకు."

"నువ్వెవతివే?" అంది ముసలామె, కళ్ళు తెరవకుండా.

ఇంగ్లీషులో బి.ఏ. చదివినదాన్ని, "ఎవతివే" అని పిలిపించుకుని చాలా ఏళ్ళయింది. నేనూ తగ్గలేదు. దారి నీ అబ్బ సొమ్మా అన్నాను. నా అబ్బదే, సర్కారోళ్ళు నా చేలోంచే తీశారు అంది. అది నిజమేనట, తరవాత తెలిసింది. ఒక గుడిసె మీద సిలువ, నాలుగు గుమ్మాల్లో జనం, అందరూ నా ఓటమి చూసి సంతోషించారు.

"ఒరేయ్ కోటిగా!" అని ముసలామె నన్ను దాటి కేకేసింది. "నా గుమ్మం ముందు హారన్ కొట్టకుండా దొంగలెక్క పోతావేరా? ఏడాదైంది. దిగు. కూసో. అన్నం తిను."

"మరియమ్మత్తా, పోయేటప్పుడు తినను" అన్నాడు కోటయ్య. ఆ గొంతు నేను పొద్దున్నించి విన్న గొంతు కాదు.

"వచ్చేటప్పుడు తిన్నావంట్రా? ఏడాది నించి ఎన్నిసార్లు వచ్చావు, ఎన్నిసార్లు పోయావు?"

తినమంటోందే గాని ఆమె ఇంకా ఎసరు కూడా పెట్టలేదట. జొన్నలు ఉడికి, సంకటి అయి, ఈయన తినేసరికి పెట్టెలో ఐసు ఉంటుందా? నేను గొంతు చించుకుని అరిచాను, "అది పశువుల మందు! పెద్దరోగం మందు! ఐసు కరిగిపోతోంది!"

మరియమ్మ లేచి కూర్చుంది. చటుక్కున లేచింది, అరవై డెబ్భై ఏళ్ళ మనిషి లేచినట్టు లేదు. మంచం కోడు తానే పట్టుకుంది. సగం లాగి, ఆగింది.

"పశువులకైతే పో. కానీ మళ్ళా ఎగ్గొడతావు నువ్వు. నమ్మకం ఏంది?"

కోటయ్య తలెత్తకుండా అన్నాడు, "పంతులమ్మగారిని ఉంచుకో అత్తా. రేపు వచ్చి విడిపించుకుంటా."

"నేనేమన్నా కంచు చెంబునా, తాకట్టు పెట్టడానికి?" అన్నాను.

అనేలోపు మంచం పక్కకు జరిగింది, లారీ కదిలింది. సాంబయ్య వెనక నుంచి నా బొక్క గొడుగు నా కాళ్ళ దగ్గరికి విసిరాడు. పెట్టెను కనిపెట్టడానికి వచ్చినదాన్ని, పెట్టె పోతుంటే దుమ్ములో నిలబడి చూశాను.

మరియమ్మ పొయ్యి దగ్గర

మా కాలవల వైపు, అతిథి చెప్పులు వేసుకున్నాక "భోంచేసి వెళ్ళకూడదూ?" అంటారు. ఇక్కడ ముందు వడ్డిస్తారు, తరవాత పేరడుగుతారు. జొన్న సంకటి, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, మజ్జిగ. ఆ కారానికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, "ఏడవమాక, వస్తాడులే" అంది మరియమ్మ.

"రాకపోతే నాకేం? మందు చేరితే చాలు" అన్నాను. "మా చెల్లెలికి ఎడ్లే దిక్కు. అవి పోతే పొలం మరుదుల పాలు."

మరియమ్మ నా కంచంలో ఇంకో ముద్ద వేసి, కొట్టం వైపు చూసింది. అక్కడ రెండు గుంజలున్నాయి. పలుపులు లేవు.

"పోయిన ఎండాకాలం మా ఊరికీ ఇట్టాగే తెచ్చాడమ్మాయ్ మందు. పిడుగురాళ్ళలో కూతుర్నిచ్చి నెలే అయింది. వియ్యంకుడు దారికడ్డం పడి లోపలికి లాక్కెళ్ళాడు. కొత్త వియ్యంకుడు గందా, కాదంటే పిల్లకు మాట. బూరెలు తిన్నాడు, పప్పు తిన్నాడు, పెరుగు తిన్నాడు. బయట లారీలో ఐసు కరిగి నీళ్ళైపోయింది. ఆ మందే పొడిచారు. నా జత పోయింది. ఊళ్ళో ఇంకా చానా పోయినయ్."

నేను కంచం పక్కకు నెట్టాను. అటువంటి మనిషి చేతికా సుందరమ్మ ఎడ్లను అప్పగించాను?

లేచి దారి మీదికి పరిగెత్తబోయాను. మరియమ్మ నా చెయ్యి పట్టి కూలేసింది. "యాడికి పోతావు? కాలినడకన రెంటచింతల పోతావా? నీ మాడు పగుల్ద్ది."

"ఎడ్లను పోగొట్టినవాడికి అన్నం ఎందుకు పెడతానంటున్నావు? నేనైతే బెడ్డ పెట్టి కొట్టేదాన్ని."

"కొట్టటానికే పిలిచేది!" అంది మరియమ్మ. "నిలబడ్డోణ్ణి తిడితే చెవిలోంచి పోద్ది. కూసోబెట్టి, అన్నం పెట్టి తిడితే కడుపులోకి దిగుద్ది. ఏడాది నించి తిట్లన్నీ దాచిపెట్టుకున్నా. ఎవరికి తిట్టేది? చచ్చిన ఎడ్లకా?"

నేను కంచం మళ్ళీ ముందుకు లాక్కున్నాను. 

మర్నాడు

రాత్రి సంగతి రాయను. దోమలు నన్ను అక్షరం వదలకుండా చదివాయి. పొద్దెక్కుతుండగా దూరంగా హారన్ వినపడింది. మూడుసార్లు. పల్లెలో ప్రతివాళ్ళూ చేస్తున్న పని ఆపారు.

నేను లారీకి ఎదురెళ్ళాను. "ఐసు?" అన్నాను. నమస్కారం లేదు, పలకరింపు లేదు.

"ఉంది" అన్నాడు కోటయ్య.

"నేను నమ్మను."

సాంబయ్య వెనక నుంచి దిగాడు. "మందు తీశాక అరచేతంత ముక్క మిగిలింది. డాక్టరుగారు పారెయ్యమన్నాడు. నేను నోట్లో వేసుకున్నా. పుచ్చిపన్ను ఇప్పటికీ జివ్వుమంటాంది." దవడ పట్టుకుని చూపించాడు. ఆ మనిషి ముఖంలో అంత నిజాయితీ గల బాధ నేనెప్పుడూ చూడలేదు. నమ్మాను.

చీకటి పడకముందే సుందరమ్మ ఊళ్ళో పశువులన్నిటికీ టీకాలు వేశారట. తరవాత ఆషాఢంలో సుందరమ్మే పేటకు వచ్చి చెప్పింది. ఒక పెయ్యదూడ అప్పటికే రోగం తగిలి ఉండి పోయింది. రెండు జతలూ నిలబడ్డాయి. తొలకరికి నాగలి కట్టాయి. మరుదులు ఈ మధ్య వదినగారిని మర్యాదగా పలకరిస్తున్నారట.

ఇక కోటయ్య మరియమ్మ గుమ్మంలో తలొంచుకుని కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మొదలుపెట్టింది. ఆ తిట్లు అచ్చు వెయ్యడానికి ఏ పత్రికా ఒప్పుకోదు. ఆయన పొట్టను తిట్టింది, ఆయన వియ్యంకుడి బూరెలను తిట్టింది, చచ్చిపోయిన ఎడ్లను పేరు పేరునా తలుచుకుని, వాటి నడక చెప్పి, ఆ నడక మీద ఒట్టేసి తిట్టింది. ముప్పై ఏళ్ళ కథలు చెప్పే నోరు ఒక్క మాట ఎదురాడలేదు. ముద్ద తరవాత ముద్ద తిన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, "పచ్చడి కారంగా ఉందత్తా" అన్నాడు.

"ఇంకాస్త వేసుకో" అని వేసింది.

కంచం ఖాళీ అయ్యాక చెయ్యి కడగడానికి చెంబు అందిస్తూ, "మళ్ళా ఎప్పుడొస్తావు?" అంది. అంతే. తిట్లు అక్కడితో అయిపోయాయి.

తిరుగు దారి

పోవడానికి పూట పట్టని దారి రావడానికి రెండు రోజులు పట్టింది. దాచేపల్లిలో ఉలవచారు, దాని తరవాత పల్లెలో సజ్జరొట్టె, ఇంకో చోట చింతకాయ తొక్కుతో వరన్నం. ఇక్కడ వరన్నం పెడితే పండగ కింద లెక్క, మా తెనాలిలో కాకులకు వేస్తారు. నేను మూడో ఇంటికే చేతులెత్తేశాను. కోటయ్య ఏ ఇంట్లోనూ ముఖం ముడుచుకోకుండా, ఏ ఇంట్లో కూర ఆ ఇంట్లోనే బాగుందని చెబుతూ తిన్నాడు. సాంబయ్య లారీ దిగనే లేదు, పన్ను వంకతో. పిడుగురాళ్ళలో గోలీ సోడా అణా అన్నాడు కొట్టువాడు. ఎందుకంటే యుద్ధమన్నాడు. సోడాకూ యుద్ధానికీ ఏం సంబంధమని నేను తగువు పడుతుంటే, కోటయ్య వియ్యంకుడింట్లో పెరుగన్నం తింటున్నాడు. తిరుగు దారి గదా, తప్పు లేదు.

ముప్పాళ్ళ దగ్గర లారీ చల్లారి ఆగింది. సాంబయ్య గాలిమర తిప్పుతుంటే, అప్పుడు నాకు తట్టింది. మరియమ్మ మంచం వేసినచోట ఇళ్ళు కాస్త ఎడంగా ఉన్నాయి, దారికి రెండు వైపులా ఉన్నవి ఎండు చేలు. దుక్కి లేదు, గట్టు లేదు, చదునుగా పలకలాగా ఉన్నాయి. మంచం పొడుగెంత? నాలుగు బారలు పక్కకు తిప్పితే దాటిపోయేవాళ్ళం. కట్టెల బండ్లన్నీ అలాగే చేలోకి దిగి దారి ఇవ్వలేదా?

"కోటయ్యా," అన్నాను, "ఆ మంచం పక్కనించి చేలో దించి పోవచ్చు కదా. ఐసు కరుగుతుంటే ఎందుకు ఆపావు?"

కోటయ్య మీసం సవరించుకున్నాడు. బొగ్గు రాజుకుందా అని సాంబయ్యనడిగాడు. ఆకాశం చూశాడు. చివరికి, "చేలో దిగితే స్ప్రింగు పట్టీలు ఇరుగుతయ్యమ్మా" అన్నాడు.

నాకు లారీల గురించి తెలియదు, ఒప్పుకుంటాను. కాని తెలిసినవాళ్ళు ఈ పత్రిక చదువుతూనే ఉంటారు. వాళ్ళను అడుగుతున్నాను: దున్నని చదును చేలో, ఒక ఐసు పెట్టె తప్ప బరువు లేని లారీకి, స్ప్రింగు పట్టీలు విరుగుతాయా?